తెల్లవారితే వెళ్ళిపోయే అతిథి

ఐర్లండ్‌లో అరవై దాటిన వాళ్ళతో పల్లెల గురించి మాట్లాడితే కాసేపటికి ఒక మాట వచ్చి తీరుతుంది. "మా అమ్మమ్మల కాలంలో గడప దగ్గరికి వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపిన ఇల్లు లేదు" అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కొంచెం గర్వం, కొంచెం బెంగ ఉంటాయి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేను దాన్ని పూర్తిగా నమ్మాను. ఇప్పుడు సగమే నమ్ముతున్నాను. రెండో సగాన్ని ఎందుకు వదులుకున్నానో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఉద్యోగం కోసం లిమరిక్ వచ్చిన మొదటి రెండేళ్ళు నగరానికి దూరంగా, క్లేర్ కౌంటీ వైపు, ఒక పాత రైతు ఇంటి పైగదిలో అద్దెకు ఉన్నాను. ఇంటావిడకు ఎనభై దాటాయి. వంటింటి కిటికీలో ఆవిడ ఒక రేకు క్యాను పెట్టుకునేవారు. లీటరున్నర పాలు పడతాయేమో. ఒకరోజు దుమ్ము తుడుస్తూ దాన్ని చేతిలోకి తీసుకున్నాను. రేకు అంచులను ఒకదానిలోకి ఒకటి మడిచి, సుత్తితో అణచి, ఆ అతుకు మీద సన్నగా టంకం పారించారు. ఆ గీత ఎక్కడా వంకర పోలేదు. పైఅంచు చేతికి గీసుకోకుండా లోపల తీగ పెట్టి రేకును దాని చుట్టూ తిప్పారు. పిడి అతికిన చోట వేలితో తడిమితే ఒక్క గరుకు తగలదు. దాదాపు డెబ్బై ఏళ్ళ వస్తువు. నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాను, పొద్దున్నకు అడుగున తడి లేదు. చిన్నప్పుడు మా వీధిలో "బిందెలకు మాట్లు వేస్తాం" అని కేక వేసుకుంటూ వచ్చేవాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని చూసినదాన్ని, మంచి పనితనం ఏదో ఆ మాత్రం తెలుసు.

"ఎవరు చేశారండీ?" అని అడిగితే "టింకర్లు" అన్నారు. వెంటనే నాలుక కరుచుకుని "ట్రావెలర్లు అనాలిప్పుడు" అని సరిదిద్దుకున్నారు. బండ్లలో కుటుంబాలతో ఊరూరా తిరుగుతూ బతికిన ఐరిష్ జనం వాళ్ళు. రేకు పని చేసేవాడికి పేరుగా మొదలైన "టింకర్" అనే మాటే తర్వాత తిట్టుగా మారింది. ఆవిడ చిన్నతనంలో ఏటా ఒకే కుటుంబం వచ్చేదట. నాలుగు దారుల కూడలి దగ్గర, పీపా ఆకారపు కప్పు ఉన్న గుర్రపు బండి ఆగేది. మగవాళ్ళు అక్కడే కూర్చుని రేకు కొట్టేవారు. ఆడమనిషి చేతికి క్యాన్లు తగిలించుకుని, బుట్టలో దువ్వెనలు, సూదులు, కాగితం పూలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. మా ఇంటావిడ తల్లి సగం తలుపు మీద మోచేతులు ఆనించి బేరమాడేవారు. కొంచెం పిండి, చిటికెడు టీ ఆకు, ఒక పంది మాంసం ముక్క ఇచ్చి ఆ క్యాను తీసుకున్నారు. వచ్చినామె కాసేపు బిచ్చం అడిగింది, కాసేపు సరుకు అమ్మింది. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ అక్కర్లేకపోయింది.

ఈ పద్ధతి వేళ్ళు చూడాలంటే ఇంకో వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1833లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్ పేదరికం మీద ఒక కమిషన్ వేసింది. డబ్లిన్ ప్రొటెస్టంట్ ఆర్చ్‌బిషప్ రిచర్డ్ వేట్లీ దానికి అధ్యక్షుడు. ఆ కమిషన్ మనుషులు ఊళ్ళలో కూర్చుని రైతులనూ కూలీలనూ పాదిరీలనూ అడిగారు. బిచ్చగాళ్ళను కూడా అడిగి రాసుకున్నారు, ఇది అన్ని కమిషన్లూ చేసే పని కాదు. ఏడాదిలో 30 వారాల పాటు 23 లక్షల 85 వేల మందికి బతికే దారి లేదని చివరి నివేదికలో తేల్చారు. 1841 జనాభా లెక్కల్లో దేశం మొత్తం 81 లక్షల 75 వేలు. అంటే ప్రతి పది మందిలో దాదాపు ముగ్గురు.

ఆ సాక్ష్యాల్లో నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది కూలీల భార్యల సంగతి. ఐర్లండ్ కూలీకి తిండి అంటే బంగాళాదుంపే. కష్టం చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోలు తినేవాడు. పాత దుంపలు వేసవి మొదట్లో అయిపోతాయి, కొత్తవి ఆగస్టు దాకా రావు. ఆ మధ్య నెలకు "ఆకలి జూలై" అనే పేరే ఉండేది. అప్పుడు మగవాడు కోతల కూలికి ఇంగ్లండ్ పడవ ఎక్కుతాడు. ఆడమనిషి గుడిసె తలుపు బిగించి, పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. సొంత ఊళ్ళో చెయ్యి చాపదు. తన ముఖం ఎవరూ ఎరగని ఊళ్ళు చూసుకుని అక్కడ అడుక్కుంటుంది. పంట చేతికి వచ్చే వేళకు తిరిగి వచ్చి తలుపు తీస్తుంది, ఏమీ జరగనట్టే. మళ్ళీ చలికాలంలో ఇంకొకరి పిల్లలు తన గుమ్మం ముందు నిలబడితే తన కుండలోంచి నాలుగు దుంపలు తీసి వాళ్ళ సంచిలో వేస్తుంది.

డబ్బు ఎవరూ ఇచ్చేవారు కాదు, ఉన్న డబ్బు భూస్వామి కౌలుకే చాలేది కాదు. దుంపలే ఇచ్చేవారు. వచ్చినవాళ్ళు రాత్రి ఉండిపోతామంటే పొయ్యి పక్కన గడ్డి పరిచేవారు. సంచిలో ఉన్న దుంపలను ఆ ఇంటి పొయ్యి మీదే ఉడకబెట్టుకోనిచ్చేవారు.

మా ఇంటావిడ తరం వాళ్ళు దీన్ని దయ అంటారు. నాకైతే చీటీ గుర్తుకు వస్తుంది. ఈసారి పాట నీది, వచ్చే జూలైలో నాది కావచ్చు. కాగితం లేదు, సంతకం లేదు, చీటీ నడిపే పెద్దమనిషి లేడు. అయినా అందరికీ లెక్క తెలుసు. పెట్టే చెయ్యికీ చాపే చెయ్యికీ మధ్య ఉన్నది ఒక్క పంట దూరమే కనుక, పెట్టినవాడికి తాను పెద్ద మనసు చూపుతున్నాననే ఊహ కూడా వచ్చి ఉండదు.

ఇలా అంటే ఇక్కడి స్నేహితులు ఒప్పుకోరు. భక్తి సంగతి ఏమిటి, శాపం సంగతి ఏమిటి అని అడుగుతారు. నిజమే, బిచ్చగాడి శాపం, విధవరాలి శాపం తగులుతాయని పల్లెల్లో గట్టి నమ్మకం ఉండేది. బిచ్చగాడి రూపంలో క్రీస్తే వస్తాడని చెప్పుకునేవారు. ఆ నమ్మకాలను నేను కొట్టిపారేయను. కానీ శాప భయమే కారణమైతే ఆ భయం ధనికుల బంగళాల్లో ఎందుకు లేదు? అక్కడ గేటు, గేటు దగ్గర కాపలావాడు, వాడి దగ్గర కుక్క. చాలామంది భూస్వాములైతే అసలు దేశంలోనే లేరు, లండన్‌లో ఉండి కౌలు తెప్పించుకునేవారు. శాపానికి గేటు అడ్డమా? ఎప్పటికీ జోలె పట్టే అవసరం రాదని తెలిసినవాడు చీటీలో చేరలేదు, అంతే. దేశంలోని బీదలను పోషించే భారమంతా దేశంలోని బీదలే మోశారు.

ఇక కథల సంగతి. ఐరిష్ భాషలో ఒక సామెత ఉంది: మొదటి కథ ఇంటి యజమాని చెప్పాలి, తెల్లవారే దాకా కథలు అతిథి చెప్పాలి. పత్రిక రాని, ఉత్తరం చదివే మనిషి దొరకని ఊరికి పది ఊళ్ళు తిరిగి వచ్చినవాడే పత్రిక. ఏ సంతలో దూడ ఎంత పలికింది, ఎవరి కౌలు రద్దయింది, ఏ ఇంటి పిల్లకు సంబంధం చూస్తున్నారు, అన్నీ వాడి దగ్గర ఉంటాయి. మూట వర్తకుడి దగ్గర వీటితో పాటు దారం, గుండీలు, జపమాలలు ఉంటాయి. సంతల్లో పాటలు పాడేవాడి దగ్గర ఆ పాట అచ్చేసిన కాగితం దొరుకుతుంది.

ఇక్కడ ఒక్కరి గురించి కాస్త ఎక్కువ చెప్పకుండా ఉండలేను. జానీ డొరన్ 1908లో ట్రావెలర్ కుటుంబంలో పుట్టాడు. ఆయన వాయించినది ఇల్లెన్ పైప్స్, మోచేతి కింద తిత్తిని నొక్కుతూ కూర్చుని వాయించే ఐరిష్ వాద్యం. గుర్రపు బండిలో కుటుంబంతో క్లేర్ కౌంటీ చుట్టూ, పడమటి ఊళ్ళ చుట్టూ తిరుగుతూ సంతల్లో, గుర్రపు పందేల దగ్గర వాయించేవాడు. తర్వాతి కాలంలో దేశమంతా గురువుగా చూసిన విల్లీ క్లాన్సీకి ఆ వాద్యం మీద పిచ్చి పట్టింది డొరన్‌ను విన్నాకే. 1947లో ఐరిష్ జానపద కమిషన్ ఆయన వాయించినది డబ్లిన్‌లో రికార్డు చేసింది. ఆ మరుసటి ఏడాది డబ్లిన్‌లో ఆయన బండి నిలిపిన చోట పక్కనున్న గోడ కూలి మీద పడింది. నడుము కింద చచ్చుపడిపోయింది. 1950లో చనిపోయాడు. ఆ రికార్డు ఇప్పుడు విన్నా స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, బహిరంగ ప్రదేశంలో నడిచిపోయేవాళ్ళను ఆపాల్సిన అవసరం ఉన్న మనిషి వాయించే తీరు అది. ఆ సంగీతాన్ని ఈ దేశం తన సొత్తుగా చెప్పుకుంటుంది. ఆ బండి ఎక్కడ ఆగాలో మాత్రం ఈనాటికీ తేల్చలేదు.

సగం మాత్రమే నమ్ముతున్నాను అన్నది అందుకే. ఆ స్వాగతానికి ఒక షరతు ఉండేది: తెల్లవారితే వెళ్ళిపోవాలి. మా లిమరిక్‌లోనే దీనికి రుజువు ఉంది. 1880ల నుంచి లిథువేనియా వైపు నుంచి కొన్ని యూదు కుటుంబాలు ఇక్కడికి చేరాయి. మగవాళ్ళు మూటలు భుజాన వేసుకుని పల్లెలకు వెళ్ళేవారు. బట్ట, దుప్పటి, పటాలు వాయిదాల మీద ఇచ్చి వారం వారం వసూలు చేసుకునేవారు. పల్లె ఆడవాళ్ళకు చేతిలో డబ్బు లేకుండా వస్తువు దొరికే దారుల్లో అదొకటి. కొన్నాళ్ళకు ఆ కుటుంబాలు కలూనీ వీధిలో ఇళ్ళు తీసుకుని, కొట్లు పెట్టుకుని, ప్రార్థన మందిరం ఏర్పాటు చేసుకున్నాయి. 1904 జనవరిలో జాన్ క్రీగ్ అనే పాదిరీ వాళ్ళ మీద ప్రసంగం చేశాడు, వాళ్ళతో లావాదేవీలు మానేయమన్నాడు. బహిష్కారం రెండేళ్ళు సాగింది. వాళ్ళ మతగురువు రబ్బీ మీద రాళ్ళు పడ్డాయి. భూపోరాట నాయకుడు మైకేల్ డావిట్ లాంటివాళ్ళు దాన్ని బహిరంగంగా ఖండించారు. అయినా కొన్ని కుటుంబాలు ఊరు వదిలాయి. మూటతో తిరిగినంత కాలం వాళ్ళు పల్లెకు అవసరమే. తలుపుకు తమ పేరు రాసుకున్నాక కంటగింపయ్యారు.

పల్లెల్లో ఆ చీటీ తెగిపోవడానికి కారణం మాత్రం మహాక్షామం. 1845లో దుంపకు తెగులు పట్టింది. తర్వాతి ఏడేళ్ళలో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది ఓడలెక్కారు. ఆకలి కంటే జ్వరం ఎక్కువమందిని తీసుకుపోయింది. టైఫస్ అనే ఆ జ్వరం పేను వల్ల పాకుతుందని 1909 దాకా లోకానికి తెలియదు. బిచ్చగాడికి పొయ్యి పక్కన పరిచిన గడ్డి ఉందే, జ్వరం ఇంట్లోకి వచ్చిన దారి అదే. ఎవరు ఎక్కువ ఆదరించారో వాళ్ళింట్లో చావు ముందు వచ్చింది. 1847 నాటికి తరతరాలుగా తెరిచి ఉన్న తలుపులు మూసుకున్నాయి. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు.

అదే ఏడాది చట్టం కూడా తలుపు వేసింది. వేట్లీ కమిషన్ వద్దన్నా వినకుండా, జార్జ్ నికల్స్ అనే అధికారి కొద్ది వారాలు తిరిగి చూసి రాసిన నివేదిక పట్టుకుని, 1838లో వర్క్‌హౌసులు తెచ్చారు, అంటే బీదలు లోపలే ఉండి పని చేస్తే తిండి పెట్టే ఇళ్ళు. దేశాన్ని 130 భాగాలుగా విడగొట్టి భాగానికి ఒకటి కట్టారు. లోపలికి వెళితే భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు ఒక వైపు. 1847లో వచ్చిన చట్టమైతే బిచ్చమెత్తడమే నేరం అంది, నెల రోజుల దాకా కఠిన శిక్ష. పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడు అది వదులుకుంటేనే సాయం అన్న నిబంధనా ఆ ఏడాదిదే. బిచ్చం మీద ఆ చట్టంలోని నిబంధన రాజ్యాంగ విరుద్ధమని డబ్లిన్ హైకోర్టు చెప్పేసరికి 2007 వచ్చింది. నూట అరవై ఏళ్ళు!

అంతకంటే పెద్ద మార్పు కమతాల లెక్కల్లో ఉంది. ఎకరం నుంచి ఐదెకరాల లోపు కమతాలు 1841లో 3 లక్షల 10 వేలు ఉంటే, 1851లో 88 వేలు మిగిలాయి. చీటీ కట్టినవాళ్ళూ పాడుకున్నవాళ్ళూ ఒకే వర్గం వాళ్ళు. ఆ వర్గమే పోయింది. మిగిలినవాడు ఓ ముప్పై ఎకరాల రైతు. జూలైలో సంచి పట్టుకునే అవసరం వాడి భార్యకు ఎప్పటికీ రాదు. పెట్టడం మాత్రం మానలేదు, అలవాటు తొందరగా పోదు. కానీ ఇప్పుడది పైనుంచి కిందికి పెట్టడం.

దీని జాడ చూడాలంటే 1937 నుంచి 1939 వరకు బడిపిల్లలు రాసిన నోటు పుస్తకాలు చూడాలి. జానపద కమిషన్ దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలకు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకు రమ్మని విషయాలు ఇచ్చింది. మొత్తం 7 లక్షల 40 వేల పేజీలు. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉంది, నా ఆదివారాలు చాలా వాటికే పోయాయి. ఇచ్చిన విషయాల్లో "తిరిగే జనం" ఒకటి. పిల్లల గుండ్రటి చేతిరాతలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒంటరిగా వచ్చే ముసలి బిచ్చగాడు మంచివాడు, కథలు చెబుతాడు, కొట్టంలో పడుకుంటాడు, వాడి పేరు కూడా రాస్తారు. బండ్లలో కుటుంబాలతో వచ్చేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రాత తీరు మారుతుంది: రేకు సామాను బాగా చేస్తారు, కానీ రాత్రిపూట గుర్రాలను మన పొలాల్లోకి వదులుతారు, వాళ్ళు వస్తే ఇంట్లోవాళ్ళకు ఇష్టం ఉండదు. పదకొండేళ్ళ పిల్లలు ఇంత ఖచ్చితంగా గీత గీశారంటే అది ఇళ్ళలో రోజూ వినబడే మాటే అయ్యుండాలి.

ఆ తర్వాత ఎనామిల్, ప్లాస్టిక్ బకెట్లు వచ్చి రేకు పని పోయింది. ట్రాక్టరు వచ్చి గుర్రాల బేరం పోయింది. 1963లో ప్రభుత్వ కమిషన్ ఒకటి ఈ జనాన్ని స్థిర నివాసుల్లో కలిపేయడమే దారి అని తేల్చింది. వీళ్ళు క్షామంలో భూములు పోయి రోడ్డున పడ్డవాళ్ళ సంతానమని దేశమంతా అనుకునేది. 2017లో వచ్చిన జన్యు అధ్యయనం, వీళ్ళు కనీసం 360 ఏళ్ళ క్రితమే వేరుపడ్డారని చూపించింది. అదే ఏడాది మార్చి 1న ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో వీళ్ళను ప్రత్యేక జాతి సమూహంగా గుర్తించాడు. 2022 లెక్కల్లో 32,949 మంది ఉన్నారు. అయితే 2002లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం పరుల స్థలంలో బండి నిలపడం నేరం. ఉండనివ్వరు, ఆగనివ్వరు, మరి తిరగడం ఎలా? 2015 అక్టోబరులో డబ్లిన్ శివారు కారిక్‌మైన్స్‌లో, తాత్కాలిక స్థలంలో మంటలు లేచి 10 మంది ట్రావెలర్లు చనిపోయారు, వాళ్ళలో పిల్లలు 5 మంది. దేశమంతా కన్నీరు పెట్టుకుంది. మిగిలిన కుటుంబాలకు వేరే చోట తాత్కాలికంగా చోటు చూపిస్తే ఆ వీధివాళ్ళు అడ్డుపడ్డారు.

ఇది ఐరిష్‌వాళ్ళ ఒక్కళ్ళ గుణమని తెలుగువాళ్ళం మనం అనుకోనక్కర్లేదు. 1871లో లండన్‌లోని బ్రిటిష్ పార్లమెంటులో మూట వర్తకుల చట్టం చేశారు: కాలినడకన సరుకు అమ్మేవాడు పోలీసుకు ఐదు షిల్లింగులు కట్టి, మంచి నడవడి గలవాడినని నిరూపించుకుని కాగితం తీసుకోవాలి. సరిగ్గా అదే ఏడాది భారతదేశంలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రంలోకి కూడా పాకింది. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసి బతికిన ఎరుకలవాళ్ళు, రైలు వచ్చి ఆ బేరం పోగొట్టుకున్నాక, ఆ చట్టం కింద పుట్టు నేరస్థులయ్యారు. బాపట్ల దగ్గర స్టువర్ట్‌పురం అలా పుట్టిన ఊరే. ఐరిష్‌వాడికి ఐదు షిల్లింగుల కాగితం, మనవాడికి పోలీసు హాజరు పట్టీ. ఉప్పు తెచ్చినంత కాలం ఎరుకలివాడు మన గడపలో చుట్టమే.

మళ్ళీ మా ఇంటావిడ దగ్గరికి వస్తాను. నేను అక్కడ ఉన్న రెండో ఏడు, ఆ ఊరి చివర ట్రావెలర్ కుటుంబాల కోసం ఆరు బండ్లకు సరిపడే స్థలం కట్టాలని ప్రతిపాదన వచ్చింది. ఇంటింటికీ అభ్యంతర పత్రం పంచారు. ఆ కాగితం వంటింటి బల్ల మీద మూడు రోజులు ఉంది, ఉప్పు సీసా బరువు కింద. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు ఫ్లూ వచ్చినప్పుడు రోజుకు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి సూపు ఇచ్చి వెళ్ళారు, ఆ మోకాళ్ళతో.

నేనే కదిలించాను. "మీ అమ్మగారు వాళ్ళకు పిండి పెట్టేవారు కదండీ?"

"అప్పటివాళ్ళు వేరమ్మా" అన్నారు. "వచ్చేవారు, వెళ్ళేవారు."

"వెళ్ళకపోతే?"

"వెళ్ళేవారు" అన్నారు మళ్ళీ, నాకు సరిగా వినబడలేదేమో అన్నట్టు.

ఆ క్యాను అమ్మినామె పేరేమిటని అడిగాను. చాలాసేపు ఆలోచించారు. గుర్రం పేరు గుర్తుంది, కెప్టెన్. నలుపు తెలుపు మచ్చల గుర్రం, చక్కెర పెడితే అరచేతిలో తినేది. ఆమె పేరు మాత్రం గుర్తు రాలేదు. మరునాడు పొద్దున్న ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం మీద నెమ్మదిగా సంతకం చేసి, కవరు అంటించి నాకు ఇచ్చారు. "ఎలాగూ ఊళ్ళోకి వెళ్తున్నావుగా, పోస్టులో వేసెయ్యి" అన్నారు.

నేను అద్దెకు ఉన్నదాన్ని. పైగా ఉత్తరం నాది కాదు. దారిలో ఇవన్నీ అనుకుంటూనే వెళ్ళి వేసేశాను. రాతి గోడలో దిగేసిన పాతకాలం పోస్టు డబ్బా అది. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక ఎర్ర రంగు మీద ఆకుపచ్చ పూశారు గానీ, విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాలు రంగు కింద ఇంకా ఉబ్బుగా చేతికి తగులుతాయి.